మీరు అడిగారు: గెలుపంటే ఏమిటో చెప్పని యుద్ధాలు

పోయిన సంచికలో వియత్నాం యుద్ధం గురించి ఒక పాఠకుడు అడిగితే "అమెరికా జనం విసిగిపోయారు, అందుకే సైన్యం వెనక్కి వచ్చేసింది" అని రెండు ముక్కల్లో తేల్చేశాను. అప్పటి నుంచి కర్నూలు, అనంతపురం, కడప మూడు వైపుల నుంచీ ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు వస్తూనే ఉన్నాయి. కొందరు ఒప్పుకోలేదు, కొందరు గట్టిగానే తిట్టారు, ఒక మాజీ సైనికుడు మాత్రం నాలుగు పేజీలు చేత్తో రాసి పంపారు, అది చదివిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఆ రెండు ముక్కల జవాబు చాలదని నాకూ తెలిసొచ్చింది. ఈసారి శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే.

సార్, మా హాస్టల్లో రాత్రి పన్నెండు దాకా దీనిమీదే గొడవ. వియత్నాంలో అమెరికా ఒక్క పెద్ద పోరులో కూడా ఓడిపోలేదని, టీవీలు, కాలేజీ పిల్లలు కలిసి సైన్యానికి వెన్నుపోటు పొడిచారని, లేకపోతే గెలిచేదేనని నా రూమ్మేట్ వాదన. మీరు రాసిన జవాబు కూడా వాడికే సపోర్టుగా ఉంది. నిజంగా అంతేనా?
– డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థి, కర్నూలు

మీ రూమ్మేట్ చెప్పినదాంట్లో మొదటి సగం చాలావరకు నిజమే నాయనా. పెద్ద పెద్ద పోరాటాల్లో అమెరికా సైన్యం దాదాపు ఎప్పుడూ వెనకడుగు వేయలేదు. చిక్కంతా రెండో సగంలో ఉంది.

అసలు వాళ్ల వ్యూహం ఏమిటో ముందు చూద్దాం, ఎందుకంటే ఈ వాదన చేసేవాళ్లు చాలామంది టీవీ దగ్గర మొదలుపెడతారు కానీ వ్యూహం దగ్గర మొదలుపెట్టరు. 1965 మార్చి 8న దక్షిణ వియత్నాంలోని డా నాంగ్ ఒడ్డున దాదాపు 3,500 మంది అమెరికా మెరైన్లు, అంటే సముద్రం మీంచి దిగి పోరాడే సైనికులు, దిగారు. 1969 ఏప్రిల్ నాటికి అక్కడున్న అమెరికా సైనికులు 5 లక్షల 43 వేలు. అన్నాళ్లలో ఎక్కువ కాలం అక్కడ సైన్యాన్ని నడిపినవాడు జనరల్ వెస్ట్‌మోర్‌లాండ్. ఆయన లెక్క ఏమిటంటే, శత్రువు, అంటే కమ్యూనిస్టు ఉత్తర వియత్నాం సైన్యం, దక్షిణాన దాని వైపు పోరాడే గెరిల్లాలు, కొత్తగా తెచ్చుకోగలిగిన మనుషులకంటే మనం చంపేవాళ్ల సంఖ్య ఎక్కువైన రోజున వాడే చేతులెత్తేస్తాడు. అంటే శత్రువును అరగదీసి గెలవడం. అందుకని ఊళ్లు పట్టుకోవడం, నిలుపుకోవడం కాకుండా శవాల లెక్కే గెలుపుకు కొలత అయిపోయింది. 1969 మేలో లావోస్ సరిహద్దు దగ్గర 937 మీటర్ల కొండ ఒకటి, దాని కోసం పది రోజులు పైకి ఎక్కుతూ చచ్చారు, చివరికి పట్టుకున్నారు, మరుసటి నెలలోనే వదిలేసి దిగిపోయారు. కొండ వాళ్లకు అక్కర్లేదు, కొండమీద ఉన్న శత్రువులను చంపడమే పని. ఆ కొండ ఎక్కుతూ కొడుకును పోగొట్టుకున్న తల్లికి ఏం చెప్తారు?

ఈ లెక్క ఎందుకు కుదరదో అమెరికా రక్షణ శాఖలోని విశ్లేషకులే అప్పట్లో తేల్చారు. ఎప్పుడు తలపడాలి, ఎప్పుడు తప్పుకోవాలి అన్నది ఎక్కువసార్లు అవతలివాళ్లే నిర్ణయించుకుంటున్నారు. అంటే తమ వైపు ఎంతమంది చావాలన్న పట్టు వాళ్ల చేతిలోనే ఉంది. నష్టం ఎక్కువవుతోందనుకుంటే అడవిలోకి, సరిహద్దు అవతలికి తప్పుకుంటారు, మళ్లీ బలం కూడినప్పుడు వస్తారు. అలాంటివాణ్ణి అరగదీయడం ఎలా? మన సీమలో కక్షల కాలం చూసిన పెద్దవాళ్లను ఎవరినైనా అడిగి చూడు, అవతలి వర్గంలో ఎందరు పోయారో లెక్కపెట్టుకున్నవాడు ఎవడైనా ఆ రాత్రి తలుపు తీసి పడుకున్నాడేమో.

ఇప్పుడు జనం సంగతి. సర్వేలు చేసే గ్యాలప్ సంస్థ అమెరికా జనాన్ని "వియత్నాంకు సైన్యాన్ని పంపడం పొరపాటా?" అని ఏళ్ల తరబడి ఒకే ప్రశ్న అడిగింది. 1965 ఆగస్టులో పొరపాటే అన్నవాళ్లు 24 శాతం. 1967 అక్టోబరుకు వాళ్లు 47 శాతం అయ్యారు, కాదన్నవాళ్లు 44 శాతం. ఈ తేదీ బాగా గుర్తుపెట్టుకో. టీవీలే కొంప ముంచాయని చెప్పేవాళ్లందరూ చూపించే టెట్ దాడి (వియత్నాం వాళ్ల కొత్త సంవత్సరం పండగ పేరే టెట్) జరిగింది 1968 జనవరి చివర. అంటే దానికి మూడు నెలల ముందే త్రాసు అటు మొగ్గింది. ఇంకొకటి, జాన్ ముల్లర్ అనే రాజనీతి శాస్త్రవేత్త కొరియా యుద్ధాన్నీ వియత్నాం యుద్ధాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. కొరియా యుద్ధం నాటికి టీవీ ఇంకా ఇంటింటికీ చేరలేదు, కాలేజీల్లో ధర్నాలు లేవు. అయినా చనిపోయినవాళ్ల సంఖ్య పెరిగేకొద్దీ మద్దతు రెండు చోట్లా దాదాపు ఒకే తీరున పడిపోయింది. మరి కొరియా విషయంలో వెన్నుపోటు పొడిచింది ఎవరు?

టెట్ గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. 1967 నవంబరులో వెస్ట్‌మోర్‌లాండ్ స్వయంగా వాషింగ్టన్ వచ్చి పత్రికల వాళ్ల ముందు యుద్ధం ముగింపు కనుచూపు మేరలోకి వచ్చిందన్న అర్థంలో మాట్లాడాడు. రెండు నెలలు దాటిందో లేదో, ఆ టెట్ పండగ రోజున, వందకు పైగా పట్నాలూ నగరాల మీద ఒకేసారి దాడి జరిగింది. దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్‌లో అమెరికా రాయబార కార్యాలయం ఆవరణలోకే చొరబడ్డారు. సైనికంగా చూస్తే దాడి చేసినవాళ్లు ఘోరంగా దెబ్బతిన్నారు, వాళ్లు ఆశించినట్టు జనం తిరగబడనూ లేదు. మీ రూమ్మేట్ ఇక్కడ పట్టుబడితే ఒప్పుకో, అతను చెప్పేది నిజమే. కానీ న్యూయార్క్‌లోనో ఒహాయోలోనో భోజనం చేస్తూ వార్తలు చూస్తున్న మనిషి మనసులో పుట్టిన ప్రశ్న "మనం ఈ పోరు గెలిచామా లేదా" అన్నది కాదు. "మొన్ననే కదా అయిపోవచ్చింది అన్నారు?" అన్నది.

ఆ తర్వాత సైన్యం ఇంకా 2 లక్షల 6 వేల మందిని అడిగింది. 1968 మార్చి 1న క్లార్క్ క్లిఫర్డ్ కొత్త రక్షణ మంత్రిగా వచ్చాడు, యుద్ధాన్ని సమర్థించినవాడే. ఆయన జనరళ్లను కూర్చోబెట్టి, ఈ రెండు లక్షలతో సరిపోతుందా, ఎన్నాళ్లు పడుతుంది, గెలవడానికి మీ ప్లాన్ ఏమిటి అని ఒక్కొక్కటే అడిగాడట. నమ్మదగిన జవాబు ఒక్కదానికీ రాలేదని తర్వాత ఆయనే రాశాడు. ఇదంతా జరిగింది వాళ్ల రక్షణ శాఖ భవనం లోపల, అడిగింది స్వయంగా రక్షణ మంత్రి. ఆ నెల 31న ప్రెసిడెంట్ జాన్సన్ మళ్లీ పోటీ చేయనని ప్రకటించాడు. ఈ రాత్రికి హాస్టల్లో టీవీ సంగతి పక్కన పెట్టి క్లిఫర్డ్ కథ చెప్పు. జనం విసిగిపోయారు అని నేను రాసినదానికి ముందు ఇంత జరిగింది, అది రాయకపోవడం నా తప్పు.

అన్నా, నాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. శెనక్కాయ పంట. నాలుగు బోర్లు వేశాను, ఒక్కదాంట్లోనూ నీళ్లు పడలేదు, ఆ అప్పు ఇంకా తీరలేదు. అంత చదువుకున్నోళ్లు, కంప్యూటర్లు ఉన్నోళ్లు, గెలవలేమని తెలిసి కూడా అన్నేండ్లు ఎందుకు కొనసాగించినారు?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

అన్నా, దీనికి జవాబు మీకు నాకంటే బాగా తెలుసు. మా మేనమామ చేనులో బోరు వేసిన రాత్రి నేను అక్కడే ఉన్నాను. కొబ్బరికాయ చేతిలో పెట్టుకుని తిరిగినాయన పాయింటు పెట్టిపోయాడు. బండి వచ్చింది. మూడు వందల అడుగుల దాకా ఉత్త దుమ్మే, తెల్లటి పిండిలాగా లేచి చుట్టూ శెనక్కాయ చెట్ల ఆకుల మీద పడుతోంది. ఆ చప్పుడులో డ్రైవరు మామ చెవి దగ్గరకు వచ్చి "ఇంకో యాభై వేద్దామా?" అని అరిచాడు. అత్త కమ్మలు అప్పటికే బ్యాంకులో ఉన్నాయి. ఆపేస్తే ఇంతవరకు పెట్టింది మొత్తం మట్టిపాలు, ఇంకో యాభై వేస్తే ఏమో, తడి తగలొచ్చు. వేశారు. మళ్లీ యాభై. మళ్లీ యాభై. ఐదు వందల ఇరవై దగ్గర మామ తలకు కట్టుకున్న తువ్వాలు విప్పి మొహానికి అడ్డం పెట్టుకుని పక్కకు వెళ్లిపోయాడు, అప్పుడు ఆగింది బండి.

1965 మార్చిలో, అంటే సైన్యం అప్పుడప్పుడే దిగుతున్న రోజుల్లో, జాన్ మెక్‌నాటన్ అనే రక్షణ శాఖ అధికారి లోపలి నోట్ ఒకటి రాశాడు. మనం అక్కడ ఎందుకు ఉన్నాం అన్నదానికి శాతాలు వేశాడు. 70 శాతం, ఓడిపోయామన్న అవమానం తప్పించుకోవడానికి. 20 శాతం, ఆ నేల చైనా చేతుల్లోకి పోకుండా. 10 శాతం, అక్కడి జనం మెరుగైన బతుకు బతకడానికి. జనానికి బయట మాత్రం ఆ మొదటి డెబ్భై శాతం మాట ఇలా విప్పి చెప్పలేదు. 1971 జూన్‌లో, ఒకప్పుడు ఆ రక్షణ శాఖలోనే పనిచేసిన డేనియల్ ఎల్స్‌బర్గ్ బయటపెట్టిన రహస్య పత్రాల్లో ఈ నోట్ అచ్చయ్యింది, ఆరేళ్ల తర్వాత. 1965 జులైలోనే విదేశాంగ శాఖలోని జార్జ్ బాల్, మనవాళ్లు పెద్ద సంఖ్యలో చనిపోవడం మొదలైతే ఇక వెనక్కి తిరగడం దాదాపు అసాధ్యమవుతుందని ప్రెసిడెంటుకు రాసిచ్చాడు. ఆయన మాట ఎవరూ వినలేదు. మొత్తం 58 వేల మందికి పైగా అమెరికన్లు చనిపోయారు, వాళ్లలో 20 వేల మందికి పైగా పోయింది 1969లో నిక్సన్ గద్దెనెక్కిన తర్వాతే, అంటే బయటికి రావాలని అందరూ అనుకుంటున్న రోజుల్లో. వియత్నాం వైపు పోయినవాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువ, అక్కడ లక్షల్లో లెక్క.

కానీ అన్నా, ఒక తేడా ఉంది, అది నన్ను చాలా బాధపెడుతుంది. మా మామ తన చేనులో తన అప్పుతో వేశాడు. ఆ యుద్ధంలో ఇంకో యాభై అడుగులు అన్నవాళ్లలో చాలామంది పిల్లలు అక్కడ లేరు. కాలేజీలో చదువుతుంటే నిర్బంధ సైనిక సేవ వాయిదా పడేది, కాలేజీకి పోలేని పేదింటి పిల్లలకు పిలుపు ముందొచ్చేది. 1969 డిసెంబరు 1న పుట్టిన తేదీలు చీట్లు తీసి ఎవరు పోవాలో తేల్చే లాటరీ పద్ధతి పెట్టారు. ఎవరింటికైనా రావొచ్చు అన్నప్పుడు ఆ భయం ఎలా ఉంటుందో మధ్యతరగతి ఇళ్లకూ అప్పుడు అర్థమైంది.

యుద్ధం నడుస్తుండగా టీవీల్లో, సభల్లో దానిమీద వాదులాడుకుంటే సరిహద్దుల్లో ఉన్న జవాన్ల ధైర్యం దెబ్బతినదా? గెలిచాక మాట్లాడుకోవచ్చు కదా.
– ఉపాధ్యాయురాలు, ప్రొద్దుటూరు

మేడం, మీరు అడిగింది చాలామంది మనసులో ఉన్నదే, మా ఇంట్లో మా నాయన కూడా ఇదే అంటాడు. దళాలు ఎక్కడున్నాయి, రేపు ఎటు కదులుతాయి లాంటివి టీవీలో చూపించడం తప్పు, దానిమీద వాదనే లేదు. కానీ అసలు పోవాలా, ఎంతవరకు పోవాలి అన్న చర్చ వేరు.

రెండు ఓట్లు చెప్తాను. 1964 ఆగస్టు 7న టోంకిన్ తీర్మానం, వియత్నాంలో ప్రెసిడెంటు ఏం చేయాలనుకుంటే అది చేయొచ్చని అమెరికా చట్టసభలు అధికారం రాసిచ్చిన తీర్మానం. సెనేట్‌లో 88 మంది అవును, ఇద్దరే కాదు. దిగువ సభలో 416 మంది అవును, కాదన్నవాళ్లు సున్నా. దానికి కారణంగా చూపింది టోంకిన్ సింధుశాఖలో అమెరికా నౌకల మీద రెండు దాడులు, వాటిలో రెండోది అసలు జరగనే లేదని తర్వాత తేలింది. ఆ ఏకగ్రీవం నాలుగేళ్లు కూడా నిలవలేదు. ఇప్పుడు 1991 జనవరి 12. కువైట్ కోసం ఇరాక్ మీదకు పోవాలా అని సెనేట్‌లో బహిరంగంగా కొట్లాడుకున్నారు, చివరికి 52 మంది అవును, 47 మంది కాదు. అంత దగ్గరి ఓటు. యుద్ధం మొదలయ్యాక జనం మద్దతు మాత్రం గట్టిగా నిలబడింది. అనుమానాలన్నీ ముందే బయటికి వచ్చాయి, ఎంతవరకు పోతాం, ఎక్కడ ఆగుతాం అన్నది ముందే చెప్పాల్సి వచ్చింది. వాళ్ల ధైర్యం ఎక్కడ దెబ్బతింది?

మన సంగతే చూడండి. 1962లో చైనా యుద్ధం నడుస్తుండగానే పార్లమెంటును పిలవాలని వాజ్‌పేయి పట్టుబట్టారు, నెహ్రూ ఒప్పుకుని సమావేశాలను ముందుకు జరిపారు, నవంబరు 8న సభ కూర్చుంది. ఫిరంగులు పేలుతుండగా ప్రధాని సభలో నిలబడి విమర్శలు విన్నారు. ఆ పని చేసిన మనుషులు ఏ పార్టీ వాళ్లయినా నాకు గౌరవం.

నమస్తే అండి. మాది కడప. 1990లో మా నాయన కువైట్‌లో డ్రైవరు. ఎడారిలో గుడారాల్లో ఉండి, జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి విమానంలో బొంబాయి, అక్కడి నుంచి రైల్లో ఇంటికి వచ్చినప్పుడు ఆయన దగ్గర ఒక దుప్పటి, నీళ్ల క్యాను తప్ప ఏమీ లేవని మా అవ్వ చెప్పేది. 1991 యుద్ధం మంచిదని, 2003 యుద్ధం చెడ్డదని అందరూ అంటారు. రెండూ ఆ ఇరాక్ మీదే కదా, తేడా ఏమిటి?
– గృహిణి, కడప

తల్లీ, మీ నాయన ఆ నీళ్ల క్యాను దాచుకున్నారేమో కనుక్కుని చెప్పండి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగినప్పుడు కడప, రాజంపేట, రాయచోటి వైపు ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలగలేదో నాకు గుర్తుంది. ఫోన్లు కలవవు, ఉత్తరాలు రావు. మా వీధిలో ఒక అవ్వ రేడియో వార్తలు అర్థం కాకపోయినా ప్రతి పూటా పక్కనే కూర్చుని "కువైట్" అన్న ఒక్క మాట కోసం వినేది, ఆ మాట రాగానే మా వైపు చూసేది, ఏం చెప్పాడో చెప్పమని. దాదాపు రెండు నెలల్లో లక్షకు పైగా మనవాళ్లను ఎయిర్ ఇండియా విమానాలు అమ్మాన్ నుంచి తెచ్చాయి. పరాయి యుద్ధం అనే మాట మన కడప జిల్లాలో ఎవరూ అనలేరు.

ఇక తేడా. 1991లో పని ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పగలిగారు, కువైట్ నుంచి ఇరాక్ సైన్యాన్ని వెళ్లగొట్టడం. ఐక్యరాజ్యసమితి జనవరి 15 దాకా గడువు పెట్టింది. 17న విమాన దాడులు మొదలయ్యాయి, ఫిబ్రవరి 24న నేలమీద దిగితే వంద గంటల్లో ముగిసింది. అనుకున్న పని అవ్వగానే బాగ్దాద్ దాకా పోకుండా ఆగారు. వియత్నాంలో కింది స్థాయి అధికారులుగా పనిచేసిన కాలిన్ పావెల్ లాంటివాళ్లు అప్పటికి పైకి వచ్చి ఉన్నారు, గురి స్పష్టంగా లేకుండా, జనం వెనక లేకుండా పోకూడదని వాళ్లు పట్టుబట్టారు. అలాగని దాన్ని మంచి యుద్ధం అని నేను అనలేను. యుద్ధం అయ్యాక సద్దాం మీద తిరగబడిన షియాలను, కుర్దులను అతను ఊచకోత కోస్తుంటే ఆ సైన్యాలు చూస్తూ ఉన్నాయి.

2003లో ఇరాక్ దగ్గర సామూహిక విధ్వంసక ఆయుధాలు ఉన్నాయని అమెరికావాళ్లు అన్నారు, అవి దొరకలేదు. దొరకకపోయేసరికి కారణం మార్చారు. ఆక్రమించాక ఆ దేశాన్ని అదుపులో ఉంచడానికి కొన్ని లక్షల మంది సైనికులు కావాలని అమెరికా సైన్యాధిపతి షిన్సెకీ ముందే సెనేట్ కమిటీకి చెప్పాడు, పైవాళ్లు కొట్టిపారేశారు. మే 1న ప్రెసిడెంట్ బుష్ యుద్ధనౌక మీద నిలబడి ప్రధాన పోరాటం ముగిసిందన్నాడు, అసలు పోరాటం అప్పుడే మొదలైంది. 2007లో జనరల్ పెట్రేయస్ వచ్చాక పద్ధతి మార్చారు, దాదాపు 30 వేల మంది అదనపు సైనికులు, జనం మధ్యనే చిన్న చిన్న స్థావరాలు, తమతో పోరాడిన సున్నీ తెగలతోనే ఒప్పందాలు. హింస నిజంగానే బాగా తగ్గింది. అయినా ఆ యుద్ధం పొరపాటే అన్న అమెరికన్ల అభిప్రాయం మారలేదు. మొదట చెప్పిన మాట అబద్ధమని తేలాక, ఎంత మంచి వ్యూహం తెచ్చినా జనం తిరిగి చూడలేదు. వ్యూహం బాగుంటే మద్దతు దానంతట అదే వస్తుందని అనుకునేవాళ్లకు నేను చూపించేది ఈ 2007ను.

యుక్రెయిన్ యుద్ధానికి రష్యా జనం మద్దతు ఉందని సర్వేలు చెప్తున్నాయి. నమ్మొచ్చా?
– కిరాణా వ్యాపారి, ఆదోని

2022 ఫిబ్రవరి 24 తర్వాత సన్‌ఫ్లవర్ నూనె ధర మీ అంగట్లో ఎలా ఎగిరిందో మీకే తెలుసు, ఆ నూనె మనకు ఎక్కువగా యుక్రెయిన్ నుంచే వచ్చేది. సర్వేల సంగతి అంటారా, సైన్యం గురించి తప్పుడు సమాచారం చెప్పారని తేలితే 15 ఏళ్ల దాకా జైలు వేసే చట్టం ఆ మార్చిలోనే వచ్చింది. అలాంటి చోట ఫోన్ చేసి "యుద్ధానికి మీరు అనుకూలమా" అని అడిగితే మీరైతే ఏం చెప్తారు? అదే ఏడాది సెప్టెంబరులో 3 లక్షల మందిని సైన్యంలోకి పిలుస్తున్నామనగానే సరిహద్దుల దగ్గర కార్లు కిలోమీటర్ల కొద్దీ బారులు తీరాయి. నాకు ఆ కార్లే సర్వే.

నేను మాజీ సైనికుణ్ణి. 1987 నుంచి 1990 వరకు శ్రీలంకలో శాంతి పరిరక్షక దళంలో చేశాను. తిరిగొచ్చేటప్పుడు మద్రాసులో ఓడ దిగి రైలెక్కి గుంతకల్లు వచ్చాను. స్టేషన్లో టీ అమ్మే పిల్లోడు యూనిఫాం చూసి "ఎక్కడి నుంచి వస్తుండారు సార్" అన్నాడు. శ్రీలంక అన్నాను. "ఆడ మనోళ్లకేం పని సార్?" అన్నాడు. నాకు జవాబు రాలేదు. ఆ టీ తాగలేకపోయాను. నా పక్కనున్న ఇద్దరు అక్కడే పోయినారు, ఇద్దరూ మన సీమోళ్లే. వియత్నాం గురించి మీరు రాసింది చదివినాక అడగాలనిపించింది. మేము ఓడిపోయినామా?
– అనంతపురం జిల్లా నుంచి (పూర్తి ఉత్తరం నాలుగు పేజీలు, ఇక్కడ కొంత భాగం మాత్రమే)

అన్నగారూ, ముందు మీ ప్రశ్నకు సూటిగా చెప్తాను. మీరు ఓడిపోలేదు. మీకు అప్పగించిన పని మీ కాళ్ల కింద మారుతూ పోయింది, మారినప్పుడల్లా ఎందుకు మారిందో మీకూ చెప్పలేదు, ఆ టీ పిల్లోడికీ చెప్పలేదు.

1987 జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. మిమ్మల్ని పంపింది తమిళ దళాల చేతుల్లోని ఆయుధాలు తీసుకుని శాంతి కాపాడమని. ఓడ దిగినప్పుడు తమిళులు పూలదండలు వేశారని మీరే రాశారు. రెండున్నర నెలలు తిరక్కుండానే, అక్టోబరులో, ఆ తమిళ దళాల్లో ఒకటైన ఎల్‌టీటీఈతో యుద్ధం. మన దేశమే ఒకప్పుడు శిక్షణ ఇచ్చినవాళ్లతో, వాళ్ల సొంత వీధుల్లో, సరైన సమాచారం లేకుండా. అక్టోబరు 11 రాత్రి జాఫ్నా విశ్వవిద్యాలయం మైదానంలో హెలికాప్టర్లలో దింపిన సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు 30 మంది, ప్రాణాలతో మిగిలింది ఒక్కరు. అదే ఏడాది నవంబరులో మేజర్ పరమేశ్వరన్ ఛాతీలో తూటా దిగినా కొట్టినవాడి తుపాకీ లాక్కుని పోరాడి చనిపోయారు, ఆయనకు పరమవీర చక్ర ఇచ్చారు. జాఫ్నాను మీరు పట్టుకున్నారు. ఆ తర్వాత ఎన్నికలు జరపమన్నారు, జరిపారు. 1989లో శ్రీలంక కొత్త అధ్యక్షుడు ప్రేమదాస పొమ్మన్నాడు. 1990 మార్చి 24న ఆఖరి దళం వచ్చేసింది. మద్రాసులో స్వాగతానికి అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి రాలేదు, అక్కడి తమిళులకు జరిగిన నష్టం ఆయన కారణం. 1,100 మందికి పైగా జవాన్లు మాత్రం అసలు రానే లేదు.

ఈ మొత్తంలో పని పూర్తయిందని ఏ రోజున అనుకోవాలి అన్నది ఢిల్లీలో ఎవరైనా దేశానికి చెప్పారా? నేను అప్పటి పేపర్లు ఎన్నో తిరగేశాను, నాకు కనబడలేదు. వియత్నాంలో కనీసం జనం వీధుల్లోకి వచ్చి వద్దన్నారు. మన దగ్గర, తమిళనాడు తప్పిస్తే, జనం వద్దూ అనలేదు, కావాలీ అనలేదు, వాళ్లకు తెలియనే లేదు. మద్దతు లేకపోవడం కంటే ఇది ఘోరం అని నాకు అనిపిస్తుంది. యుద్ధాన్ని వ్యతిరేకించినవాడు కూడా రైలు దిగిన జవానుకు ఒక మంచి మాట చెప్పి ఉండాల్సింది, ఆ రెండింటినీ మనం ఒకటే అనుకున్నాం. అక్కడి తమిళ కుటుంబాలు పడిన బాధ గురించి మీరు మూడో పేజీలో రాసింది నేను అచ్చు వేయలేదు, మీ అనుమతి అడిగాకే వేస్తాను. అంత నిజాయితీగా రాసినందుకు మాత్రం మీకు దండం పెడుతున్నాను.

టీ పిల్లోడి మాటకు మీ మనసు నొచ్చుకుంది కానీ, అతను అడిగింది సరైన ప్రశ్నే అన్నగారూ. అడగాల్సిన మనిషిని కాకుండా మిమ్మల్ని అడిగాడు, అంతే.

మీ పక్కన పోయిన ఆ ఇద్దరి ఊళ్ల పేర్లు ఉత్తరంలో రాయలేదు. రాసి పంపండి. వాళ్ల ఇళ్లలో ఎవరు ఉన్నారో నేను స్వయంగా వెళ్లి చూసి వస్తాను, మీరు కూడా వస్తానంటే గుంతకల్లు స్టేషన్ దగ్గరే కలుద్దాం.